నాబోతు పొలమును సోలార్ పలకలును

పాఠ భాగము: 1 రాజులు 21, ఆదికాండము 23



ఎండ మన సీమకు కొరత లేనిది. దాని నుండి విద్యుత్తు తీయుట మేలైన పని యని చెప్పుటకు మేము వెనుదీయము. వానలు తప్పినప్పుడు ఎవరి చేను ముందుగా ఎండునో మన పల్లెలకు తెలియును. బొగ్గు కాల్చుట తగ్గినకొలది మనకే మేలు. అయినను మంచి పని సహితము ఎక్కడనో ఒకచోట నిలువవలెను గదా. ఆ చోటును ఎవరు ఏర్పరచిరి, ఎవరిని అడిగిరి అనునదే ఈ నెల మన పాఠము.

అహాబు నాబోతు ద్రాక్షతోటను ఎందుకు కోరెను? అది తన నగరును ఆనుకొని యుండెను గనుక కూరతోటకు అనుకూలమని కోరెను. నేడు సోలార్ పార్కునకు స్థలము వెదకువారు కూడ ముందుగా చూచునది ఇట్టిదే. సబ్‌స్టేషను ఎంత దూరము, నేల చదునుగా నున్నదా, వేల ఎకరములు ఒక్కచోట దొరకునా అని చూతురు. తీగ పొడుగైనకొలది ఖర్చు పెరుగును గనుక ఈ లెక్కలో తప్పు లేదు. అహాబు కూడ మొదట మర్యాదగానే మాటలాడెను. అంతకంటె మంచి తోట ఇత్తును, కాదన్నయెడల వెల ఇత్తుననెను. అతని లెక్కకు అందనిది ఒక్కటే: నాబోతునకు అది పితరుల స్వాస్థ్యము.

ఒక మెగావాటుకు నాలుగైదు ఎకరములు కావలెను. ఉమ్మడి కర్నూలు జిల్లాలో గని, శకునాల గ్రామముల యొద్ద 2017లో నిలిచిన 1000 మెగావాట్ల పార్కునకు దాదాపు 6000 ఎకరములు పట్టినది. ఇంత నేల కావలెనన్నప్పుడు కాగితములలో బంజరని వ్రాసియున్న భూముల మీదికే అందరి చూపు పోవును.

ఈ బంజరు అను మాట యొద్ద మనము కొంచెము ఆగవలెను. రెవెన్యూ లెక్కలో బంజరనగా సాగు లేనిది, శిస్తు రానిది. అంతేగాని అక్కడ ఏమియు లేదని కాదు. గొఱ్ఱెల మంద అక్కడ మేయును. స్త్రీలు కట్టెపుల్లలు, చీపురు గడ్డి, సీతాఫలములు అక్కడనుండి తెచ్చుకొందురు. వాన నీరు ఆ వాలు మీదుగానే చెరువునకు దిగును. పేదవానికి పట్టా ఇచ్చినది తరచుగా అట్టి నేలలోనే; పట్టా చేతికి రాకయే ఏండ్ల తరబడి రాళ్లు ఏరి సాగు చేసికొనుచున్నవాడును అక్కడనే యుండును. ఇవేవియు పటములో కానరావు. వేసవిలో జీపు మీద వచ్చి చూచినవానికి అంతయు రాయి రప్పయే. శ్రావణమాసములో అదే మనుష్యుడు వచ్చినయెడల పచ్చికయు మందలును చూచును. స్థలపరీక్ష ఒక్క కాలములో ముగించకూడదని మేమనుట అందుకే.

అట్టి గడ్డి నేలలోనే బట్టమేక పక్షి గ్రుడ్డు పెట్టును. కర్నూలు సీమలోని రోళ్లపాడులో 1988లో దాని కొరకే అభయారణ్యము ఏర్పడినది. ఇప్పుడు స్వేచ్ఛగా తిరుగునవి దేశములో 150కి లోపే, అవియు ఎక్కువగా రాజస్థానములో. ఒళ్లు బరువు, కన్నులు ప్రక్కలకుండును. ఎదుటి విద్యుత్తు తీగ దానికి వేళకు కనబడదు. 2021 ఏప్రిల్‌లో సుప్రీం కోర్టు ఆ పక్షి తిరుగు చోట్ల తీగలను భూమిలో వేయుమని ఆదేశించినది. 2024 మార్చిలో ఆ ఆదేశమును సడలించి నిపుణుల సంఘమునకు అప్పగించినది. తీగ దారిని ముందే ఆలోచించియుండిన ఇంత చిక్కు రాకపోయెడిది కాబోలు.

మన పెద్దలు తెలిసికొనవలసిన సంగతి యొకటి కలదు. పెద్ద బొగ్గు విద్యుత్కేంద్రము పెట్టదలచినవారు 2006 నాటి పర్యావరణ నిబంధనల ప్రకారము ప్రజాభిప్రాయ సభ జరుపవలెను. సోలార్ పలకల కేంద్రములకు ఆ నిబంధనలు వర్తించవని కేంద్ర ప్రభుత్వము 2011లో స్పష్టపరచినది. పొగ లేనిదానికి అంత విచారణ యెందుకని తలచియుందురు. గాని పొగ లేకున్నను నేల పట్టును గదా! చట్టము అడుగని ప్రశ్నలను ఊరే అడుగవలసి వచ్చినది.

అనంతపురము సరిహద్దునానుకొని, కర్ణాటకలో తెలుగు మాటలాడు పావగడ తాలూకా ఉన్నది. అక్కడ సుమారు 13,000 ఎకరములను కొనలేదు, కౌలుకు తీసికొనిరి. ఎకరమునకు ఏటా 21,000 రూపాయలతో మొదలుపెట్టి, రెండేండ్లకొకసారి 5 శాతము పెంపు. భూమి రైతుదే, వాన రాకున్నను కౌలు వచ్చును. ఇది మెచ్చదగిన ఏర్పాటు. అయితే కౌలు పత్రములో కలుపు తీయు కూలి పేరు ఉండదు, కాపరి పేరు ఉండదు. మన సంఘములలో ఎందరో ఆ కూలివారే గనుక ఈ మాట వ్రాయుచున్నాము.

రామగుండములో 100 మెగావాట్ల పలకలను జలాశయము మీదనే తేలియుండునట్లు అమర్చిరి. 2022 జూలై నాటికి అది పూర్తిగా పనిచేయసాగినది. సుమారు 500 ఎకరముల నీటిమీద వ్యాపించినది. సెంటు పొలము పోలేదు, నీరు ఆవిరియగుటయు తగ్గును. ఇట్టిది మన చెరువునకు వచ్చినయెడల చేపలు పట్టువారిని ముందు పిలువవలెను.

నాబోతు కథ చదివిన తరువాత ఆదికాండము 23 చదువుడి. అబ్రాహాము మక్పేలా పొలమును కొన్నప్పుడు గవినియొద్ద, ఊరివారందరు వినుచుండగా 400 తులముల వెండి తూచి యిచ్చెను. పొలము, గుహ, పొలిమేరలోని చెట్లు అన్నియు బేరములో చేరినవి. మన యూరికి ఏజెంటు వచ్చినప్పుడు రాత్రివేళ ఇంటింటికి తిరుగనియ్యక గ్రామసభకు రమ్మనుడి. సర్వే నంబర్లు, చెట్లు, మంద దారి, చెరువు వాగు, పలకలు కడుగు నీరు ఎక్కడిది అను సంగతి తెలుగులో వ్రాయించుకొనుడి. పలకల ఆయుస్సు సుమారు 25 ఏండ్లు. ఆ తరువాత సిమెంటు దిమ్మెలను పెరికి నేలను చదును చేయు ఖర్చు ఎవరిదో కూడ వ్రాయించవలెను, ఏలయనగా నేడు సంతకము పెట్టిన తండ్రి ఆ నాటికి ఉండకపోవచ్చును.