లేజర్ కోస్తుంటే అయస్కాంతానికేం పని?

సెమినార్‌కి ఈ టాపిక్ తీసుకున్నానని చెప్పగానే మా క్లాసులో చాలామంది అడిగిన ప్రశ్న ఇదే. న్యాయమైన ప్రశ్నే. లేజర్ అంటే కాంతి. కాంతికి చార్జ్ లేదు, కాబట్టి అయస్కాంతం దాన్ని వంచలేదు. పోనీ కింద ఉన్న అల్యూమినియం ముక్క అయస్కాంతానికి అతుక్కుంటుందా అంటే, అదీ లేదు.

అసలు కథంతా ఆ రెంటి మధ్యలో పుట్టే ప్లాస్మాది.

కొన్ని నానోసెకన్ల లేజర్ పల్స్ లోహం మీద పడగానే పైపొర కరిగి, ఆవిరై, ఎలక్ట్రాన్లు ఊడిపోయి ప్లాస్మాగా పైకి చిమ్ముతుంది. అచ్చం చిచ్చుబుడ్డిలాగే, కాకపోతే పదివేల డిగ్రీలు దాటిన చిచ్చుబుడ్డి. వేగం సెకనుకి 10 కిలోమీటర్ల స్థాయిలో ఉంటుంది.

రాగి గొట్టంలో అయస్కాంతాన్ని వదిలితే మెల్లగా దిగే ప్రయోగం ఇంటర్లో చూసే ఉంటారు. ఇక్కడ దాన్ని తిరగేసి ఊహించుకోండి: అయస్కాంతం కదలదు, కరెంటు పారగల ప్లాస్మాయే క్షేత్రాన్ని అడ్డంగా దాటబోతుంది. దాంతో లోపల కరెంట్లు పుట్టి దానికే బ్రేకు వేస్తాయి. లెక్క వేసి చూశాను. 0.5 టెస్లా క్షేత్రంలో ఒక ఎలక్ట్రాన్ వోల్ట్ శక్తి ఉన్న ఎలక్ట్రాన్ తిరిగే వృత్తం వ్యాసార్థం 10 మైక్రాన్ల లోపే. అదే వేగం 10 కిలోమీటర్లున్న అల్యూమినియం అయాన్‌కి ఐదారు మిల్లీమీటర్లు. అంటే క్షేత్రానికి ముందు చిక్కేది ఎలక్ట్రాన్లే. వాటిని వదిలిపోలేక అయాన్లూ నెమ్మదిస్తాయి.

నాకు అన్నిటికంటే నచ్చింది పీడనాల పోటీ. అయస్కాంత క్షేత్రానికీ పీడనం ఉంటుంది: బీ స్క్వేర్ బై టూ మ్యూ నాట్. 0.5 టెస్లాకి లెక్కిస్తే దాదాపు లక్ష పాస్కల్స్, అంటే సుమారు ఒక అట్మాస్ఫియర్. పుట్టిన క్షణంలో ప్లాస్మా పీడనం వేల అట్మాస్ఫియర్లు! దాని ముందు అయస్కాంతం ఏపాటిది? ప్లాస్మా క్షేత్రాన్నే పక్కకి నెట్టుకుంటూ ఉబ్బుతుంది. ఉబ్బేకొద్దీ దాని పీడనం పడిపోతుంది, రెండూ సమానమైన చోట క్షేత్రానిది పైచేయి అవుతుంది. అందుకే అయస్కాంతం ప్రభావం కాస్త ఆలస్యంగా, వందల నానోసెకన్ల తర్వాత కనిపిస్తుంది. మామూలు గాలిలో అయితే గాలే ప్లాస్మాని ఆపేస్తుంది కాబట్టి, తేడా తక్కువ పీడనంలో బాగా తెలుస్తుంది.

ఉపయోగానికొస్తే, చంద్రయాన్-3 ప్రజ్ఞాన్ రోవర్ 2023లో చంద్రుడి మట్టిలో గంధకాన్ని గుర్తించింది గుర్తుందా? అందులోని లిబ్స్ పరికరం చేసింది ఈ పనే: లేజర్‌తో ప్లాస్మా పుట్టించి, దాని వెలుగుని బట్టి మూలకాన్ని చెప్పడం. భూమ్మీద ల్యాబుల్లో ఈ పద్ధతికి అయస్కాంతాన్ని జోడించి చూశారు. ప్లాస్మా చెదిరిపోకుండా ఒత్తుగా ఉంటే ఢీకొనడాలు పెరిగి వెలుగు పెరుగుతుంది, బలహీనమైన గీతలు కూడా స్పెక్ట్రమ్‌లో కనిపిస్తాయి.

కానీ "అయస్కాంతం పెడితే అన్నీ మెరుగే" అని రాసే పీపీటీలతో నాకు పేచీ ఉంది. రంధ్రం వేయాలనుకుంటే అదే ఒత్తు ప్లాస్మా శత్రువవుతుంది. పల్స్ ఇంకా నడుస్తుంటే, లేదా వెంటనే తర్వాతి పల్స్ వస్తే, ఆ కాంతిని లోహం దాకా పోనివ్వకుండా తానే మింగేస్తుంది. క్షేత్రం ప్లాస్మాని దారిలోంచి తప్పిస్తే రంధ్రం లోతవుతుంది, దారిలోనే నిలిపితే లోతు తగ్గుతుంది. కాబట్టి క్షేత్రం ఎన్ని టెస్లాలో చెప్పి ఏ దిశలో ఉందో చెప్పని రిజల్ట్ సగం రిజల్టే.

కోయడంతో సంబంధం లేని చోట కూడా ఇది పనికొస్తుంది. చిప్‌ల తయారీకి కావాల్సిన 13.5 నానోమీటర్ల కాంతి కోసం తగరం బిందువుల్ని లేజర్‌తో కొడతారు. అప్పుడు ఎగిరే తగరం అయాన్లు ఎదురుగా ఉన్న ఖరీదైన అద్దాన్ని పాడుచేస్తాయి. జపాన్ కంపెనీ గిగాఫోటాన్ వాటిని బలమైన అయస్కాంత క్షేత్రంతో పక్కకి మళ్లించే పద్ధతి తయారుచేసింది. చార్జ్ లేని తగరం అణువులు మాత్రం అయస్కాంతం మాట వినవు, వాటి సంగతి వేరే విధంగా చూసుకోవాల్సిందే.