కోతో కావాలన్న బిడ్డకు

ఫోన్‌లో ఏదో జపాన్ కార్టూన్ సీరియల్ చూసి "బాపూ, నేను కోతో నేర్చుకుంట" అని బిడ్డ అడిగితే భైంసాలో ఏ తండ్రికైనా ముందు ఏమీ తోచదు. కోతో వాయించే హైస్కూల్ పిల్లల కథతో 2019లో 'కోనో ఒతో తోమారే' అనే కార్టూన్ సీరియల్ వచ్చింది. అలాంటివి ఇప్పుడు మన ఇళ్లలోనూ చూస్తున్నారు. "మనకెందుకు అవన్నీ" అన్న మాట నోటిదాకా వస్తుంది. దయచేసి దాన్ని ఆపుకోండి. ఆ మాట ఒకసారి పడిందంటే, రేపు తనకు నచ్చిందేదైనా మీకు చెప్పడమే మానేస్తుంది బిడ్డ.

అలాగని అప్పు చేయొద్దు. కోతో దాదాపు ఆరడుగుల చెక్క వాద్యం, 13 తీగలు. జపాన్‌దే మరో వాద్యం షామిసెన్ చిన్నది, మూడే తీగలు, కానీ సంప్రదాయంగా దాని ముఖానికి బిగించేది తోలు. మన ఎండకూ వానకూ దాన్ని కాపాడడం కష్టం. రెండిటినీ జపాన్ నుంచే తెప్పించాలి. రవాణా, సుంకం కలిపితే పత్తి అమ్మగా మిగిలిన సొమ్మంతా దానికే పోవచ్చు. ఇక తీగ తెగితే ఎవరి దగ్గరికి పోతారు?

మీ బిడ్డకు చెప్పాల్సిన మంచి కబురు ఒకటుంది. 1912లో నగోయా నగరంలో గోరో మోరితా అనే సంగీతకారుడు టైప్‌రైటర్‌ను చూసి, తీగల మీద మీటలు అమర్చి తైషోగోతో అనే వాద్యం చేశాడు. ఎడమచేత్తో మీట నొక్కి, కుడిచేత్తో బిళ్లతో తీగ మీటాలి. అదే మన దేశానికి వచ్చి బుల్‌బుల్ తరంగ్ అయింది. ఖవ్వాలీల్లో, పక్కనున్న మహారాష్ట్ర గణపతి ఊరేగింపుల్లో వినిపించే బెంజో అదే. జపాన్‌లో పుట్టిన తీగల వాద్యం మనకు ఇంత దగ్గరగా ఉంది.

మామూలు బెంజో నాలుగంకెల ధరలో దొరుకుతుంది. ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు 'బుల్‌బుల్ తరంగ్' అని వెతకండి. బెంజో అని కొడితే గుండ్రటి అమెరికా వాద్యం చూపిస్తుంది. పాతది దొరికితే ఇంకా మేలు, కానీ వాయించడం తెలిసిన మనిషిని వెంట తీసుకెళ్లండి. ప్రతి మీటా నొక్కి వదలగానే పైకి లేస్తోందా, తీగలు బిగించాక శ్రుతి నిలుస్తోందా, రెండూ చూడాలి. మొదట్లో కరెంటు బెంజో వద్దు. చప్పుడు ఎక్కువ, ఇరుగుపొరుగుతో మాట వస్తుంది. శ్రుతి చూసుకోవడానికి ఫోన్‌లో ఉచిత ట్యూనర్ చాలు.

బిడ్డ మనసు జపాన్ పాట మీదే ఉంటే అక్కడినుంచే మొదలుపెట్టనివ్వండి. కోతో నేర్చుకునేవాళ్లకు తొలి రోజుల్లో చెప్పే 'సాకురా సాకురా'కు ఐదే స్వరాలు. మన లెక్కలో షడ్జం, శుద్ధ రిషభం, శుద్ధ మధ్యమం, పంచమం, శుద్ధ ధైవతం. కర్ణాటక శుద్ధ సావేరి అనే రాగం స్వరాలు అవే, హిందుస్తానీలో గుణక్రీ. బెంజో మీద ఆ ఐదు మీటలకు రంగు కాగితం అంటిస్తే చిన్నపిల్లలైనా వారంలో వరుస పట్టుకుంటారు. కోతో తీగను నొక్కి స్వరాన్ని వంచే ఆ సొగసు మాత్రం మీటల వాద్యంలో రాదు. ఆ సంగతి బిడ్డకు ముందే నిజాయితీగా చెప్పండి.

బెంజో కూడా కొనలేని ఇళ్లుంటాయి. బీడీల కూలితో నడిచే ఇంట్లో ఇది చిన్న ఖర్చు కాదు. వాళ్లకు జపాన్‌లోని ఒకినావా దీవుల సంగతి చెప్పాలి. షామిసెన్‌కు ముందుతరం వాద్యం, ఆ దీవుల సన్‌షిన్. 1945 యుద్ధంలో సర్వం పోగొట్టుకుని శిబిరాల్లో ఉన్నవాళ్లు ఖాళీ డబ్బాకు కర్ర బిగించి, పారాచూట్ తాళ్లను తీగలుగా కట్టి దాన్ని చేసుకున్నారు. కంకరా సన్‌షిన్ అంటారు. ఈ రోజుకీ అక్కడ పిల్లలు అలాంటివి చేసి వాయిస్తారు. పాలపొడి డబ్బా, వడ్రంగి దగ్గర ఒక నున్నటి కర్ర, మూడు తీగలు మన దగ్గరా దొరుకుతాయి. చేసిన డబ్బా సరిగ్గా పలకకపోయినా, తీగ బిగిస్తే స్వరం ఎందుకు పెరుగుతుందో బిడ్డకు చేతులతోనే తెలుస్తుంది. పుష్యమాసంలో కేస్లాపూర్ నాగోబా జాతరకు వెళ్తే గోండుల గాయకులైన ప్రధాన్లు వాయించే కిక్రీ కూడా వినిపించండి. కమానుతో వాయించే దానికీ మూడు తీగలే.

గురువు కోసం హైదరాబాద్ దాకా పోనక్కరలేదు. ఊరేగింపు పార్టీలో బెంజో వాయించే మనిషిని అడగండి. చాలామంది చెవితోనే నేర్చినవాళ్లు, రాసి చెప్పలేకపోవచ్చు, కానీ చేతిలో విద్య ఉంది. ఆయన్ను ఇంటికి పిలిచి కూర్చోబెట్టి, నెలకింతని మాట్లాడి, పంట రాకముందైనా సమయానికి ఇవ్వండి. పెళ్లిళ్లు, పండుగల రోజుల్లో ఆయనకు తీరిక ఉండదు. అప్పుడు పాఠం తప్పినా కోపగించుకోవద్దు.

అడిగింది ఆడపిల్ల అయితే "అది మగపిల్లల పని" అని చుట్టాలు అనవచ్చు. జపాన్‌లో తైషోగోతోను బృందాలుగా కూర్చుని వాయించేవాళ్లలో ఆడవాళ్లే ఎక్కువ. ఆ మాట గట్టిగా చెప్పండి, ఆమె నేర్చుకునే వేళకు ఇంటిపని అడ్డం రాకుండా చూడండి. వీలుంటే అమ్మ కూడా పక్కన కూర్చుని నేర్చుకోవచ్చు.