లక్షద్వీప్ ఓడయాత్ర: పడవలోకి వేసే ఆ ఒక్క అడుగు

ప్రశ్న: కొచ్చి నుంచి ఓడలో లక్షద్వీప్ దీవులు చూసే యాత్ర ఎలా ఉంటుంది? వృద్ధులైన తల్లిదండ్రులను తీసుకెళ్లవచ్చా?

జవాబు: ‘సముద్రం’ పేరిట నడిచే అయిదు రోజుల యాత్రలో ఓడే బస, పర్యాటకులు రాత్రుళ్లు ప్రయాణించి, పగటిపూట కవరత్తి, కల్పేని, మినికాయ్ దీవులను రోజుకొకటి చొప్పున చూసి, సాయంత్రానికి తిరిగి ఓడకు చేరుకుంటారు. ఇవి పగడపు దీవులు కావడంతో, పగడపు గట్టుకూ ఒడ్డుకూ నడుమ లగూన్ అనే లోతు తక్కువ ఉప్పునీటి మడుగు ఏర్పడి, పెద్ద ఓడ సాధారణంగా బయటి లోతునీటిలోనే ఆగవలసి వస్తుంది. అక్కడ ఓడ పక్కతలుపు నుంచి చిన్న పడవలోకి దిగాలి. అల లేచినప్పుడు పడవ గడప ఎత్తుకు వచ్చి మరుక్షణమే కిందికి జారిపోతుంది కనుక, సిబ్బంది చేయి పట్టుకుని, వారు చెప్పిన క్షణంలోనే అడుగు వేయాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దలకు అసలు కష్టం ఇదే; దీనిని వైద్యునితో చర్చించిన తరువాతే టికెట్లు తీసుకోవడం మంచిది.

దీవులలో అడుగుపెట్టడానికి అనుమతిపత్రం తప్పనిసరి. వానకాలంలో కడలి అల్లకల్లోలంగా ఉంటుంది కాబట్టి ఆ నెలలు తగవు.

మూడింటిలో మినికాయ్ విశిష్టమైనది: మిగిలిన దీవుల్లో మలయాళానికి దగ్గరి మాట వినిపిస్తే, ఇక్కడ మాల్దీవుల భాషకు చెందిన మహల్ వినిపిస్తుంది, 1885 నాటి దీపస్తంభం పైనుంచి చూస్తే లగూన్ లేతపచ్చ, వెలుపలి కడలి ముదురునీలం, వాటి నడుమ తెల్లని నురుగు గీత స్పష్టంగా కనిపిస్తాయి.