పసికందుల లెక్క

ముషీరాబాదునందలి గాంధీ ఆస్పత్రి మన సికింద్రాబాదువారి కెల్లరకును తెలిసినదే. ఆ వాకిట కొంతతడవు నిలిచినయెడల జిల్లాలనుండి వచ్చు 108 బండ్లు కానవచ్చును. కొన్నిటియందు గర్భిణులుందురు, కొన్నిటియందు నిన్న మొన్న పుట్టిన పసికందులుందురు. ఇట్టి పసివారిలో ఎందరు మొదటి పుట్టినదినమును చూతురు?

ప్రాణముతో పుట్టిన వేయిమందిలో ఏడాది నిండకమునుపే గతించువారి సంఖ్యను శిశుమరణరేటందురు. ప్రభుత్వపు నమూనా నమోదు లెక్కల ప్రకారము 1971లో భారతదేశమున నిది 129, 2020లో 28. తెలంగాణమున 2014లో 35 గానుండి 2020 నాటికి 21కి దిగెను. టీకాలును, ఆస్పత్రి ప్రసవములును, అతిసారమునకు ఉప్పు చక్కెర కలిపిన నీరును ఇందుకు తోడ్పడినవి.

సంతోషింపదగినదే. కాని విద్యార్థులారా, ఏటి సగటులోతు మోకాలిబంటియని విని దిగి మునిగినవాని కథ మీరెరుగుదురు గదా! ఆ 2020లోనే తెలంగాణ పట్టణములలో రేటు 17, పల్లెలలో 24. 2019-21 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వే దేశమంతటికి గట్టిన లెక్కలో షెడ్యూల్డు తెగలవారికి సుమారు 42, షెడ్యూల్డు కులములవారికి 41. ఈ తెగలకును కులములకును వెనుకబడిన తరగతులకును చేరనివారికి 28. (ఈ రెండు లెక్కల పద్ధతులు వేరు, ఒకదాని అంకెను మరొకదానినుండి తీసివేయరాదు.) బిడ్డ దేహమునకు కులము తెలియదు. తల్లి రక్తహీనత, చిన్ననాటి పెండ్లి, కాన్పునకు కాన్పునకు ఎడము లేకుండుట, ఆస్పత్రి దూరము, చేతిలో పైకము లేమి, ఇవియే ఆ భేదమును కలిగించుచున్నవి.

మరియొక సంగతి. 2020లో తెలంగాణమున గతించిన ఆ 21మందిలో 15మంది మొదటి 28 దినములలోనే పోయినవారు. నెలలు నిండకపుట్టుట, పుట్టగనే ఊపిరియందకుండుట, క్రిములు సోకుట ముఖ్యకారణములు. రెండున్నర కిలోలకు తక్కువ తూగు బిడ్డకు చర్మము క్రింద క్రొవ్వు చాలదు. బరువుతో పోల్చిన ఒంటి వైశాల్యమెక్కువ. చిన్నగిన్నెలోని పాలు పెద్దగిన్నెలోనివానికంటె వేగముగా చల్లారునట్లు, ఆ బిడ్డ దేహము చల్లబడును. 1978లో కొలంబియాదేశపు బొగొటా నగరమున ఎడ్గర్ రే అను వైద్యుడు, వెచ్చదనమిచ్చు పెట్టెలు చాలక, బిడ్డను తల్లి రొమ్మున చర్మమునకు చర్మము తగులునట్లు కట్టియుంచు పద్ధతిని మొదలిడెను. పేదరికమున పుట్టిన ఆ ఉపాయము నేడు లోకమంతట వాడుకలోనున్నది.

ప్రాణహితకు ఆవలియొడ్డున, మహారాష్ట్రపు గడ్చిరోలి జిల్లాలో, అభయ్ బంగ్, రాణీ బంగ్ అను వైద్యదంపతులు 39 పల్లెలలో చదువుకొన్న గ్రామస్త్రీలకు నవజాతశిశువుల శుశ్రూష నేర్పిరి. వారు ఇంటింటికి పోయి బిడ్డను తూచిరి, వెచ్చగానుంచిరి, జబ్బు గురుతులు కనిపెట్టి మందిచ్చిరి. ఆ శుశ్రూషలేని పల్లెలతో పోల్చగా మూడవయేట నవజాతమరణములు నూటికి 62 వంతులు తగ్గెనని 1999లో లాన్సెట్ పత్రికయందు ప్రకటించిరి.

ఇక మన ఇంటి సంగతి. పైని చెప్పిన 2019-21 సర్వేలో తెలంగాణమున నూటికి 97 ప్రసవములు ఆస్పత్రులలోనే జరిగినవి. సుమారు 61 శస్త్రచికిత్సతో జరిగినవి. అయినను పుట్టిన గంటలోపల తల్లిపాలు త్రాగిన బిడ్డలు నూటికి 37మందియే! శస్త్రచికిత్సకు పిమ్మట తల్లిని బిడ్డను వేరుచేయుట ఒక కారణము. పసుపువన్నె ముర్రుపాలు పనికిరావని పిండి పారబోసి, తేనెయో చక్కెరనీళ్లో నాకించుట మరియొకటి. రోగములనడ్డు శక్తి ఆ పాలలోనే మెండుగానుండును. తేనె ఏడాదిలోపు బిడ్డకు విషముగా పరిణమింపవచ్చును. ఈ పుటను అవ్వలకు చదివి వినిపింపుడు. పురిటింట మాట చెల్లునది వారిదే గదా.

ఆస్పత్రిలో పుట్టిన బిడ్డను ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ దినములందు ఇంటికి వచ్చి చూడవలెనని నియమము. మీ ఇంట పసిబిడ్డ యున్నయెడల గోడమీది కేలండరునందు ఆ ఆరు దినములకును గురుతు పెట్టుకొని, ఆమె రానినాడు పోయి పిలువుడు.