దూరదేశ ప్రయాణం: టీవీ చెప్పిన పాఠం, మన ఊరు చెప్పే పాఠం



విదేశీ ప్రయాణం అనగానే అది డబ్బున్నవాళ్ల సంగతి అనుకుంటాం. పాస్‌పోర్టు, వీసా, విమానం అనే మాటలు మనం సినిమాల్లో విన్నవే గాని మన ఇళ్లలో విన్నవి కావు. మనలో ఎక్కువమంది పత్తి తీతకో, మిరపకాయల కోతకో వెళ్లే అమ్మానాన్నల పిల్లలం. అందుకే ఈ వార్షికోత్సవ సంచికలో విదేశీ ప్రయాణం గురించే ఒక పాఠం చదువుకుందాం. పిల్లల కోసం తీసిన ఒక టీవీ కార్యక్రమంతో మొదలుపెడదాం. అది మనల్ని చైనా తీసుకెళ్లి, తిరిగి మన అమరావతిలోనే దింపుతుంది. ఎలాగో చూడండి.

1. పసుపు పక్షి పుట్టుక

అమెరికాలో 1969 నవంబరు 10న 'సెసమీ స్ట్రీట్' అనే పిల్లల టీవీ కార్యక్రమం మొదలైంది. ఇంకా బడిలో చేరని పిల్లలకు అక్షరాలు, అంకెలు, మంచి నడవడి ఆటపాటలతో నేర్పడం దాని పని. నర్సరీకి పంపే స్తోమత లేని ఇళ్ల పిల్లలు బడిలో చేరేనాటికి మిగతావాళ్ల కంటే వెనకబడి ఉండకూడదు అన్నది దాన్ని తలపెట్టినవాళ్ల ఉద్దేశం. ఈ మాట మనం గుర్తుపెట్టుకోదగ్గది. 2006లో మన దేశంలో హిందీలో వచ్చిన 'గలీ గలీ సిమ్ సిమ్' దీని తోబుట్టువే.

ఈ కార్యక్రమంలో 'బిగ్ బర్డ్' అనే పెద్ద పసుపు పక్షి ఉంది. ఎత్తు 8 అడుగుల 2 అంగుళాలు, మనసు మాత్రం ఆరేళ్ల పిల్లవాడిది. ఏది చూసినా ఆశ్చర్యమే, ఎవరిని చూసినా ప్రశ్నే. ఈకల దుస్తుల లోపల ఉండి దాన్ని ఆడించిన కళాకారుడు కారల్ స్పిన్నీ (1933–2019). ఆయన కుడిచెయ్యి నెత్తి మీదికి ఎత్తి పక్షి ముక్కును కదిలించేవారు. బయట ఏం జరుగుతోందో నేరుగా కనపడదు కాబట్టి ఛాతీకి చిన్న టీవీ తెర కట్టుకుని అందులో చూసుకుంటూ నడిచేవారు.

2. చైనా ప్రయాణం

అమెరికా, చైనాల మధ్య చాలా ఏళ్లు రాయబార సంబంధాలు లేవు. 1979 జనవరి 1న అవి తిరిగి మొదలయ్యాయి. అదే ఏడాది హాస్యనటుడు బాబ్ హోప్ చైనాలో తీసిన కార్యక్రమంలో పాల్గొనడానికి బిగ్ బర్డ్ కూడా వెళ్లింది. పిల్లల కోసం చైనాలో ఒక పూర్తి కార్యక్రమం తీయాలన్న ఆలోచన ఆ ప్రయాణంలో పుట్టింది. చైనా ప్రభుత్వ టెలివిజన్ సహకారంతో జాన్ స్టోన్ దర్శకత్వంలో తయారైన 'బిగ్ బర్డ్ ఇన్ చైనా' 1983 మే 29న అమెరికాలో ఎన్.బి.సి. ఛానల్‌లో ప్రసారమైంది. దానికి ఎమ్మీ పురస్కారం వచ్చింది.

కథ చిన్నదే. న్యూయార్కులో చైనా వాళ్లు ఉండే పేటలో బిగ్ బర్డ్‌కు చుట్టిన పటం ఒకటి కనిపిస్తుంది. అందులో ఫెంగ్‌హువాంగ్ అనే పురాణపక్షి బొమ్మ ఉంటుంది. తనూ పక్షే గదా, ఆ పక్షిని చూసి తీరాలని బార్క్‌లీ అనే కుక్కను వెంటబెట్టుకుని చైనా బయలుదేరుతుంది. తీరా అక్కడ దిగాక దాని మాట ఎవరికీ తెలియదు, ఎవరి మాటా దానికి తెలియదు. అప్పుడు షావో ఫూ అనే చిన్న పాప తోడవుతుంది. ఆ పాపకు ఇంగ్లీషు వచ్చు. నమస్కారం ఎలా చెప్పాలో, కృతజ్ఞత ఎలా తెలపాలో ఆ పాప దగ్గర నేర్చుకుంటూ బిగ్ బర్డ్ చైనా గోడ ఎక్కుతుంది, ఊళ్లు తిరుగుతుంది, పిల్లలతో ఆడుతుంది. దారిలో చిక్కుముడులు ఎదురైనప్పుడు కోతి రాజు వచ్చి సాయం చేస్తాడు.

ఆ కోతి రాజు దగ్గరే మన కథ మొదలవుతుంది.

3. కోతి రాజు ఎటు నడిచాడు?

చైనాలో పిల్లలందరికీ తెలిసిన వీరుడు సున్ ఉకోంగ్ అనే కోతి రాజు. 1592లో అచ్చయిన 'పడమటి యాత్ర' అనే పెద్ద నవలలో అతను ప్రధాన పాత్ర. ఒక బౌద్ధ భిక్షువు పవిత్ర గ్రంథాలు తేవడానికి పడమటి దేశానికి వెళుతుంటే, దారిలో రాక్షసుల బారి నుంచి కోతి రాజు కాపాడుతుంటాడు. 1986లో చైనా ప్రభుత్వ టెలివిజన్ దీన్ని సీరియల్‌గా ప్రసారం చేసింది. అక్కడి పిల్లలు దాన్ని మళ్లీ మళ్లీ చూశారు.

ఆ 'పడమటి దేశం' ఏదో తెలుసా? మన భారతదేశమే. కోతి కల్పన గాని భిక్షువు కల్పన కాదు. ఆయనే మనం చరిత్ర పుస్తకంలో చదివిన హుయాన్‌త్సాంగ్. బిగ్ బర్డ్‌కు చైనా విదేశమైనట్టే, చైనా పిల్లలు చూసిన ఆ కథలో విదేశం మనదే.

4. మన నేల మీద హుయాన్‌త్సాంగ్

క్రీ.శ. 629 ప్రాంతంలో, ముప్పై ఏళ్లు నిండకముందే ఆయన చైనా నుంచి బయలుదేరాడు. దేశం దాటి వెళ్లడానికి అప్పుడు రాజు అనుమతి లేదు. అందుకని రహస్యంగా వెళ్లాడు. గోబీ ఎడారిలో నీళ్ల తిత్తి ఒలికిపోయి, నాలుగు రాత్రులు, అయిదు పగళ్లు చుక్క నీరు లేకుండా గడిపాడని ఆయన జీవితచరిత్ర చెబుతుంది. నలందలో శీలభద్రుడి దగ్గర ఏళ్ల తరబడి చదివాడు. తరువాత కళింగ, దక్షిణ కోసలల మీదుగా దక్షిణాదికి దిగాడు.

సుమారు 639–640 ప్రాంతంలో ఆయన ఆంధ్ర దేశంలో అడుగుపెట్టాడు. ఏలూరు దగ్గరి వేంగిని చూశాడు. ఇక్కడి జనం మాట మధ్యదేశం మాట కంటే వేరుగా ఉందనీ, అక్షరాలు మాత్రం దాదాపు అవే అనీ రాసుకున్నాడు. అక్కడి నుంచి ధాన్యకటక దేశానికి వచ్చాడు. ధాన్యకటకం అంటే అమరావతిని ఆనుకుని ఉన్న ధరణికోట. ఆయన చూసిన రాజధాని ధరణికోటేనా, బెజవాడ పక్కనా అని పండితుల్లో రెండు అభిప్రాయాలు ఉన్నాయి. ఏదైనా మన కృష్ణ ఒడ్డే.

ఆయన ఏం రాశాడు? నేల సారవంతమైనది, పంటలు బాగా పండుతాయి, ఎండ ఎక్కువ అన్నాడు. ఈ మాటలు మన అమ్మానాన్నలూ ఒప్పుకుంటారు. మిరప గురించి మాత్రం రాయలేదు. రాయడానికి అప్పుడు మన దేశంలో మిరపే లేదు. అది అమెరికా ఖండాల నుంచి పోర్చుగీసువాళ్ల ఓడల్లో 16వ శతాబ్దంలో వచ్చిన పంట. అంటే గుంటూరు యార్డులో బస్తాలుగా కనపడే మిరపకాయ కూడా ఒకప్పుడు విదేశీ అతిథే!

ఇంకా చూడండి. ఇక్కడ చాలా బౌద్ధ విహారాలు ఉన్నా ఎక్కువ భాగం పాడుబడ్డాయనీ, ఇరవై మాత్రమే నడుస్తున్నాయనీ, వెయ్యిమంది వరకు భిక్షువులు ఉన్నారనీ రాశాడు. జనం కోపిష్టులు అన్నాడు, అయితే విద్యను ఎంతో గౌరవిస్తారు అన్నాడు. పరాయి దేశస్థుడు పదమూడు వందల ఏళ్ల కిందట మన ప్రాంతానికి ఇచ్చిన సర్టిఫికెట్ అది.

అన్నిటికంటే ముఖ్యమైన సంగతి ఇది. ఇక్కడ సుభూతి, సూర్యుడు అనే ఇద్దరు భిక్షువుల దగ్గర ఆయన కొన్ని నెలలు ఉండి మహాసాంఘికుల శాస్త్రం నేర్చుకున్నాడు. ఆ ఇద్దరూ ఆయన దగ్గర మహాయాన శాస్త్రాలు నేర్చుకున్నారు. ఆ తరువాత ముగ్గురూ కలిసి పుణ్యక్షేత్రాలు చూడడానికి బయలుదేరారు. ఎవరు గురువు, ఎవరు శిష్యుడు? ముగ్గురూ రెండూ అయ్యారు.

645లో ఆయన 657 గ్రంథాలతో చైనా చేరాడు. వాటిని ఇరవై గుర్రాల మీద తీసుకెళ్లారు. 664లో చనిపోయేదాకా అనువాదం చేస్తూనే ఉన్నాడు.

5. రెండు ప్రయాణాలు పక్కపక్కన పెడితే

ఒకటి బొమ్మ ప్రయాణం, ఒకటి నిజం ప్రయాణం. రెండింటిలోనూ మనకు నాలుగు పాఠాలు కనిపిస్తాయి.

మొదటిది: భాష. బిగ్ బర్డ్‌కు రెండు మూడు మాటలు రాగానే తలుపులు తెరుచుకున్నాయి. హుయాన్‌త్సాంగ్ సంస్కృతం క్షుణ్ణంగా నేర్చుకున్నాడు. ఇంగ్లీషు రాదని సిగ్గుపడి మూల కూర్చుంటే భాష రాదు. తప్పో ఒప్పో మాట్లాడితేనే వస్తుంది.

రెండవది: అడగడం. పసుపు పక్షికి తెలియనిది అడగడానికి మొహమాటం లేదు. మనం మాత్రం క్లాసులో చెయ్యెత్తడానికి వెనకాడతాం.

మూడవది: ఇచ్చిపుచ్చుకోవడం. కొత్త చోటికి ఖాళీ చేతులతో వెళ్లం. మనకు తెలిసినది కూడా మన వెంట వస్తుంది. పొలం పనులు, పాటలు, ఊరి కథలు కూడా జ్ఞానమే. అవి తక్కువవని ఎవరైనా అంటే నమ్మకండి.

నాలుగవది: చూసినదంతా పూర్తి నిజం అనుకోకపోవడం. టీవీ కార్యక్రమం గంటన్నర లోపు ఒక మహాదేశాన్ని చూపించాలి. గోడ, గుళ్లు, పిల్లల ఆటలు కనిపిస్తాయి. రైతు అప్పు, కార్మికుడి చెమట కనిపించవు. హుయాన్‌త్సాంగ్ కూడా కొన్ని నెలలు చూసి, ఇక్కడివాళ్లు కోపిష్టులని ఒక్కమాటలో తేల్చేశాడు. యాత్రికుడి మాట విలువైనదే, కాని అది ఒకరి చూపు. మన గురించి మనం కూడా రాసుకుంటేనే లెక్క సరిపోతుంది.

ఇంకొక్క మాట. హాస్టల్‌కు కొత్తగా వచ్చిన పిల్లవాడికి మొదటి వారం ఇదే విదేశం. తండా నుంచి వచ్చి లంబాడీ మాట్లాడే పిల్లవాడికి మన తెలుగు కూడా కొత్తే. పళ్లెం ఎక్కడ పెట్టుకోవాలో, స్నానానికి వరుస ఎలాగో అతనికి తెలియదు. రాత్రి దుప్పటి కప్పుకుని ఏడుస్తాడు. అప్పుడు అతనికి షావో ఫూ అవ్వాల్సింది వార్డెన్ గారు కాదు, పక్క ట్రంకుపెట్టె వాడు.

6. మనవాళ్లు వెళ్లలేదా?

వెళ్లారు. 1913లో ఇరవై రెండేళ్ల అంబేద్కర్ బరోడా మహారాజు ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయంలో చేరారు. అక్కడ, ఆ తరువాత లండన్‌లో చదివిన చదువును తిరిగి వచ్చి ఈ దేశానికి ఖర్చుపెట్టారు. హుయాన్‌త్సాంగ్ గుర్రాల మీద గ్రంథాలు తీసుకెళితే బాబాసాహెబ్ తన తలలో గ్రంథాలయాన్ని తెచ్చారు.

మన కాలంలోకి రండి. 2014 మే 25న నిజామాబాదు జిల్లా బిడ్డ మలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లా బిడ్డ సాధనపల్లి ఆనంద్ కుమార్ ఎవరెస్టు శిఖరం ఎక్కారు. పూర్ణ వయసు అప్పటికి 13 ఏళ్ల 11 నెలలు. అంత చిన్న వయసులో ఎవరెస్టు ఎక్కిన బాలిక అప్పటికి ప్రపంచంలో లేదు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలల విద్యార్థులే. వాళ్లు ఎక్కింది ఉత్తరం వైపు నుంచి, అంటే టిబెట్ వైపు నుంచి. బిగ్ బర్డ్ వెళ్లిన దేశానికి మన గురుకులాల పిల్లలు బొమ్మగా కాదు, సొంత కాళ్లతో వెళ్లారు.

పై చదువులకు విదేశాలకు వెళ్లే షెడ్యూల్డు కులాలు, సంచార జాతులు, భూమి లేని వ్యవసాయ కూలీల పిల్లల కోసం కేంద్ర ప్రభుత్వ జాతీయ విదేశీ స్కాలర్‌షిప్ ఉంది. గిరిజన విద్యార్థులకు వేరే పథకం ఉంది. మార్కులు, వయసు, కుటుంబ ఆదాయం నిబంధనలు ఎప్పటికప్పుడు చూసుకోవాలి. డిగ్రీలో మంచి మార్కులు, ఇంగ్లీషు పరీక్ష, కులం, ఆదాయం ధ్రువపత్రాలు ముందే సిద్ధంగా ఉండాలి. ఈ సమాచారం చివరి తేదీ దాటాక గాని మన దాకా రాకపోవడమే పెద్ద అడ్డంకి. పూర్వ విద్యార్థులు ఏటా ఒకసారి హాస్టల్‌కు వచ్చి గంటసేపు ఇది వివరిస్తే అదే పెద్ద దానం.

7. చేసి చూడండి

(అ) విదేశం నుంచి ఒక పసుపు పక్షి అమరావతికి వస్తోందనుకోండి. అరగంట టీవీ కార్యక్రమం మీరే రాయండి. మహాచైత్యం దిబ్బ, మ్యూజియం, అమరేశ్వరాలయం, కృష్ణ రేవు, మిరప కల్లం – వీటిలో ఏది ముందు చూపిస్తారు? ఎందుకు?

(ఆ) మహాచైత్యం శిల్పాలు ఇక్కడ కొన్నే ఉన్నాయి. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించినవాటిలో చాలా భాగం మద్రాసుకు, అక్కడి నుంచి లండన్‌కు వెళ్లాయి. ఈ రోజు బ్రిటిష్ మ్యూజియంలో అవి వందకు పైగా ఉన్నాయి. 'మీ శిల్పాలు ఎక్కడ?' అని ఆ పక్షి అడిగితే ఏం చెబుతారు?

(ఇ) మీ పక్క ట్రంకుపెట్టె మిత్రుడి ఇంటి భాషలో, లేదా వాళ్ల ఊరి యాసలో పది మాటలు నేర్చుకోండి. బదులుగా మీవి పది నేర్పండి.

(ఈ) వేసవి సెలవుల్లో మీ ఊరిని పరాయివాడి కళ్లతో చూసి రెండు పేజీలు రాయండి. వచ్చే సంచికకు ఇవ్వండి.

విద్యార్థులారా! ప్రపంచం మన ఊరికి ఎప్పుడో వచ్చింది. ఇక్కడ కూర్చుని చదువుకుంది, చదువు చెప్పింది. విద్యను గౌరవించే జనం అని రాసుకుని వెళ్లింది. ఆ మాట మన కాలంలో కూడా నిజమయ్యేలా చూడడం మన బాధ్యత. ఇక మనం బయలుదేరడం మిగిలింది.