కోడిపిల్లలకు వెచ్చదనం - కొట్టంలో కరెంటు భద్రం

కార్తీకం దాటిందంటే వనపర్తి పల్లెల్లో తెల్లవారుజాము చలి కొరుకుతుంది. యాసంగి పల్లిచేను చూసుకుంటూనే ఇంటిపక్క కొట్టంలో వందో, రెండొందలో కోడిపిల్లలను పెంచే చిన్నరైతులకు ఇది గడ్డుకాలం. రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకానికి రూపొందించిన వనరాజ, గ్రామప్రియ పిల్లలకైనా తల్లికోడి లేనప్పుడు మొదటి మూడు, నాలుగు వారాలు మనమే వేడి ఇవ్వాలి. అందుకని ఏదో ఒక వైరు లాగి బల్బు వేలాడదీస్తే మాత్రం ముప్పే. కింద పరిచేది ఎండిన పల్లిపొట్టు, పైన కాలే బల్బు. వైరింగు చెడితే పిల్లలతో పాటు కొట్టమూ తగలబడుతుంది, మనిషి ప్రాణానికీ భరోసా ఉండదు.

ఎంత వేడి కావాలి?

పిల్లకు 2 వాట్ల చొప్పున లెక్క వేసుకోండి. 200 పిల్లలకు 400 వాట్లు, అంటే 100 వాట్ల బల్బులు నాలుగు. ఎల్‌ఈడీ బల్బులు పనికిరావు. వెలుతురే తప్ప చాలినంత వేడినివ్వవు. పాత రకం ఫిలమెంటు బల్బులే కావాలి. మొదటి వారం పిల్లలుండే ఎత్తులో 35 డిగ్రీల సెంటీగ్రేడు వేడి ఉండాలి. తర్వాత వారానికి 3 డిగ్రీల చొప్పున తగ్గించండి. పిల్లలు బల్బు కింద ఒకదాని మీదొకటి పడితే వేడి చాలనట్లు. దూరంగా జరిగి నోళ్లు తెరిస్తే ఎక్కువైనట్లు. అంతటా పరుచుకుని మేస్తుంటే సరిపోయినట్లు. నాలుగు బల్బులు 12 గంటలు వెలిగితే 4.8 యూనిట్లు కాలుతుంది.

వైరు, ప్లగ్గు

నాలుగు బల్బులు తీసుకునే కరెంటు 2 ఆంపియర్లలోపే. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగివైరు చాలు. అదే 2000 వాట్ల హీటరు పెడితే దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. దానికి 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు, 16 ఆంపియర్ల ప్లగ్గు, విడిగా ఎం‌సీబీ తప్పనిసరి. లైట్ల బోర్డులోని చిన్న ప్లగ్గుకు హీటరు తగిలిస్తే వైరు వేడెక్కి కాలుతుంది. తీగ చివరలు ఒలిచి పుల్లలతో సాకెట్లో గుచ్చే పని అసలు వద్దు.

బల్బులకు పింగాణీ హోల్డర్లే వాడండి, ప్లాస్టిక్‌వి కరుగుతాయి. బల్బుల గొడుగును వైరుతో వేలాడదీయక గొలుసుతో కట్టండి. పొట్టుకు అడుగున్నర ఎత్తున ఉంచండి. అతుకులు కొట్టంలో ఉండకుండా ఒకే పొడవు వైరు తీసుకుని, ఎలుకలు కొరకకుండా పైపులో వేయించండి.

లైను ఎక్కడినుంచి?

ఇంటి మీటరు దగ్గరి బోర్డు నుంచే తీసుకోవాలి. బోరు మోటారు లైను నుంచి బల్బులకు తీయవద్దు. అక్కడ రెండు ఫేజుల మధ్య 400 వోల్టుల దాకా ఉంటుంది. న్యూట్రల్ తెగితే 230 వోల్టుల బల్బులు పేలి పొట్టు మీద పడతాయి.

న్యూట్రల్ దొరకలేదని ఒక ఫేజు లాగి, రెండో కొస నేలలో దిగేసిన కడ్డీకి కట్టి బల్బు వెలిగించడం కొందరికి అలవాటు. ఆ కడ్డీ చుట్టూ తడినేలలో కరెంటు పారుతుంది. అక్కడ కాలుపెట్టిన మనిషికైనా, గొడ్డుకైనా ప్రమాదమే. ఎర్త్ వైరు రక్షణ కోసం, దాన్ని న్యూట్రల్‌గా వాడవద్దు. పచ్చవైరును గొడుగు రేకుకు బిగించి ఎర్తింగ్‌కు కలపండి. బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించండి. వైర్లకు ఎక్కువ భారం పడితే ఎం‌సీబీ ఆపుతుంది; మనిషికి షాక్ తగిలితే ఆపేది ఆర్‌సీసీబీ. రెండూ ఉండాలి.

గుర్తుంచుకోండి

ఈ పని తెలిసిన ఎలక్ట్రీషియన్‌తోనే చేయించండి. మెయిన్ తీసి, టెస్టరుతో చూశాకే వైరు ముట్టండి. నీళ్ల పళ్లేలు బల్బుల కింద పెట్టవద్దు. కరెంటు పోతే బొగ్గుల కుంపటి పెట్టాల్సివస్తే పొట్టుకు దూరంగా, గాలి ఆడేలా ఉంచండి. మూసిన కొట్టంలో దాని పొగ, వాయువు పిల్లలను, కాపలా ఉన్నవారిని చంపగలవు. ఎవరికైనా షాక్ తగిలితే చేత్తో పట్టుకోకుండా ముందు మెయిన్ తీయండి, ఆపైన 108కి ఫోన్ చేయండి. స్తంభం దగ్గర లోపముంటే మీరు ఎక్కకుండా 1912కి చెప్పండి.

కోడిపిల్ల పోతే మళ్లీ తెచ్చుకోవచ్చు. ఇంటి మనిషి పోతే తేలేము.