కవిత అర్థానికి గ్రామరే ఆధారం

ప్రశ్న: మా అమ్మాయి తొమ్మిదో తరగతి. ఇంగ్లిష్ గ్రామర్ బట్టీ పడుతోంది, కవితల అర్థం గైడ్‌లో చూసి రాస్తోంది. కవితకు గ్రామర్ పనికొస్తుందా?

జవాబు: తప్పకుండా పనికొస్తుందండీ. ఎన్‌సీఈఆర్‌టీ తొమ్మిదో తరగతి ఇంగ్లిష్ పుస్తకం ‘బీహైవ్’లో చాలా ఏళ్లు పాఠంగా ఉన్న రాబర్ట్ ఫ్రాస్ట్ కవిత ‘ద రోడ్ నాట్ టేకెన్’ చూడండి. ఇది 1915లో అచ్చయింది. ఎవరూ నడవని దారి ఎంచుకున్నవాడే గెలుస్తాడని చాలామంది దీనికి అర్థం చెప్పేస్తారు. కానీ రెండు దారులూ దాదాపు ఒకేలా అరిగాయని కవితే చెబుతుంది. చివరి చరణం భవిష్యత్ కాలంలో మొదలవుతుంది. అంటే అది జరిగిన గెలుపు కాదు, ఎన్నో ఏళ్ల తర్వాత కవితలోని వ్యక్తి చెప్పుకోబోయే కథ. క్రియ కాలాన్ని గమనించిన పిల్లకు ఈ తేడా దొరుకుతుంది, బట్టీ పట్టిన పిల్లకు దొరకదు.

పదభాగాలూ అంతే. ఆహారం, విహారం, సంహారం అన్న మాటల్లో ఉపసర్గ చేసే పని మీ అమ్మాయికి తెలుగులోనే తెలుసు. ఆ చూపునే ఇంగ్లిష్‌కీ మళ్లించమనండి. ఇలా విడగొడితే కవిత అందం చెడుతుందనే వాదన ఉంది. ముందే విడగొడితే నిజంగానే చెడుతుంది. అందుకే మొదట రెండుసార్లు పైకి చదివించండి, తర్వాతే క్రియల కింద గీతలు గీయించండి. పరీక్షకు టైం చాలదంటారా? సొంతంగా ఆధారం చూపగల పిల్లకు తెలియని కవిత ఇచ్చినా భయముండదు.